సారంగపాణి బావ పన్నెండు గజాలు

కూసోరా మల్లికార్జున్, ఆ స్టూలు ఇటు గుంజుకో. ఎవలు? సారంగపాణా? ఆయన సంగతి నీకెవలు చెప్పిండ్రురా? మీ నాయనమ్మ చెప్పి ఉంటది. అది నా చెల్లెనే గని, దానికి ఎరుకైంది సగమే. మా పెద్దక్క చిలుకమ్మ మొగడాయన, నాకు బావ. పేరెత్తితే నాకు ఇప్పటికీ బీపీ లేస్తది. పోయి యాభై ఏండ్లైనా మనిషి నన్ను సతాయించుడు బంద్ చేస్తలేడు. అసలు బర్మా ఎందుకు పోవాలె? మన కాశిబుగ్గల మగ్గాలు లేవా? అప్పుడు మన వాడల ఏ ఇంట్ల చూసినా టకటక టకటక, పక్కోడు మాట్లాడేది ఇనవడకపోయేది. రంగూన్ల నేతకు మంచి కూలి ఇస్తాండ్రని ఎవడో చెప్పిండట, లగ్గమై రెండేండ్లు కాలే, పోయిండు. నాకప్పుడు పద్నాలుగేండ్లు. ఇగ యుద్ధమొచ్చె. జపానోడు బాంబులేసె. మనోళ్ళందరు అడవులు పట్టుకొని నడుచుకుంట వస్తాంటే ఈయన ఆడనే కూసున్నడు. బతికున్నడో లేడో ఎరుక లేదు. అక్క మా ఇంట్లనే మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంట ఉన్నది. పిల్లలు లేరాయె.

నలభై ఏడుల, దసరా పోయినంక, ఒకనాడు పగటీలి వాకిట్ల నిలవడ్డడు. చంకల ఒక సంచి, గంతే. ఏమైంది బావా అంటే వెళ్ళగొట్టిండ్రట. బర్మాల కొత్త కానూన్ వచ్చిందట, బయటోళ్ళకు పర్మిట్ కాయితం ఉండాల్నట. మరి ఎందుకు తీసుకోలే అంటే ఏమన్నడో తెలుసా? "లైన్ల నిలవడితే నేత ఆగమైతది వెంకట్రాజం" అన్నడు. గిట్లాంటి మనిషితోని ఏం మాట్లాడుతవ్? మగ్గం మీద కూసున్నోన్ని కూసున్నట్టే లేపి ఓడ ఎక్కించిండ్రు. మళ్ళ అడుగు పెడితే జైలే అని వేలిముద్ర తీసుకొని మరీ తోలిండ్రు. పోనీ తియ్, ఇంటికైతె వచ్చిండు అనుకున్నం. మా అక్క మొఖం నువ్వు అప్పుడు చూడాల్సుండెరా. ఎనిమిదేండ్లాయె మరి. రోజు సర్వపిండి కాల్చేది. నాకు ఒక్కనాడన్న అంత నూనె వోసి కాల్చలే.

మూడు నెలలు తిన్నడు. ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, "వెంకట్రాజం, నేను పోవాలె" అన్నడు. యాడికి? "రంగూన్." నాకు దిమ్మ తిరిగింది. ఇక్కడ చూస్తే రజాకార్ల గోల, రైలు ఏనాడు నడుస్తదో ఏనాడు నడవదో ఎరుక లేదు. ఆడ చూస్తే జైలు. ఎందుకు బావా అంటే, "మగ్గం మీద పడుగున్నది. నేసేది ఇంకా పన్నెండు గజాలు మిగిలింది" అన్నడు. ఇంకోడు నేస్తడు తియ్ అన్న. "ఎవని దెబ్బ వానిదే కదా" అన్నడు. అది నిజమే, కాదంటలేను. ఒకడు సగం నేసి ఇడిసిన బట్ట ఇంకోడు అందుకుంటే, వాని చేతి దెబ్బ వేరే ఉంటది కాబట్టి అక్కడ గీత వడ్డట్టు అగుపడుతది. నేతోనికి అది నామోషీ. గని పన్నెండు గజాల కోసం దేశం దాటుతరా? అప్పుడు ఇంకో మాటన్నడు. "ఆమె ఎదురు చూస్తాంటది. మాటిచ్చిన." ఆమె! ఆమె ఎవతె, ఏం కథ, ఆయన చెప్పలే. నేను అడగలే. అడిగితే నా నోరు వడిపోతుండెనా? ఆ మాట ఎట్ల బయట వడ్డదో, ఇగ వాడకట్టుకు పండుగే. "బర్మాల కాపురం వెట్టిండట" అని ఒకతె, "పిల్లలు సుత ఉన్నరట" అని ఇంకోతె. అక్క నన్ను అడిగింది. "తమ్మీ, నీతోని చెప్పిండు కదా, నిజం చెప్పు" అన్నది. "ఉన్నదక్కా, ఆడ ఇంకోతె ఉన్నది" అన్న. నేనే అన్న. నాకు ఒళ్ళు మండింది, అన్న.

పోయేనాడు అక్క బయటికి రాలే. ఆయన గడప కాడ నిలవడి "చిలుకా, పోయొస్త" అన్నడు. లోపట రాట్నం తిరుగుతనే ఉన్నది. సంచి చంకల వెట్టుకున్నడు. పోయిండు.

మళ్ళ ఏడాది దాటినంక, పోలీస్ యాక్షన్ అయిపోయినంక, ఇంగ్లీషుల కాయితం వచ్చింది. కిషన్ రావు వకీలు చదివి చెప్పిండు, రంగూన్ జైలుల జరమొచ్చి సచ్చిపోయిండని. వాడల పెద్దామె మొగిలమ్మ, పదో దినం నాడు అక్కను కూసోవెట్టి గాజులు పగులగొట్టబోతే, అక్క చేతులు కొంగుల దాసుకున్నది. "ఆ బర్మాది పగులగొట్టుకుంటది తియ్. నాకెక్కడి మొగడు?" అన్నది. బొట్టు తుడవనియ్యలే. ఎవలెంత తిట్టినా లెక్క చెయ్యలే. అట్లనే ఉన్నది.

ఇగ యాభై ఒకటిల, హసన్‌పర్తి నుంచి ఎల్లస్వామి అనేటోడు మా ఇల్లు అడుక్కుంట వచ్చిండు. ఆయన సుత కాయితం లేక ఆ జైలుల్నే ఉన్నడట, ఒకటే బారక్. గల్మల్నే, గడప అవతలనే, నిలవెట్టి అడిగిన, ఆ ఆడమనిషి ఎవతె అని. "ఏ ఆడమనిషి? ఆ ముసలామెనా?" అన్నడు. డెబ్బై ఏండ్లు ఉంటయట రా! కండ్లు ఆనవట. మగ్గం ఆమెదే. ఒక్కడే కొడుకు, బాంబులల్ల పోయిండు. వాని పేరు మీద వాళ్ళ గుడి సన్నాసి సాములకు దానమిచ్చేటందుకు ఆ బట్ట. ఈయన పడవలల్ల దాక్కొని, బురదల నడిచి పోయి, ఆ పన్నెండు గజాలు నేసి, కోసి, ఆమె చేతుల వెట్టిండట. ఆమె మొత్తం తడిమి చూసిందట, నేత ఆగిన జాగ యాడుందో దొరకలేదట. మంచిగైంది కదా? ఇగ ఇంటికి రావాలె కదా? ఓడ ఎక్కబోతాంటే ఆఫీసరు అడిగిండట, ఇంతకుముందు ఈ దేశం వచ్చినవా అని. "వచ్చిన సాబ్, మీరే వెళ్ళగొట్టిండ్రు" అన్నడట! అరే, లేదంటే ఏం పోయేది? ఎందుకట్ల చెప్పినవని ఎల్లస్వామి జైలుల అడిగితే, "అడిగిండు కదా" అన్నడట. అడిగిండు కదా! నేను ఏం చెయ్యాల్రా ఇసుంటి మనిషిని? మాకు ఒక్క మాట చెప్పకపాయె, వాళ్ళకు అంత చెప్పె.

ఎల్లస్వామిని ఇంట్లకు రానియ్యలే. అక్క లోపట వంట చేస్తాంది. చాయ సుత తాగియ్యకుండ బస్సు ఎక్కించి వచ్చిన. చెప్తే ఏమైతది? ఆ నిమిషమే గాజుల చేతులు గోడకేసి కొట్టుకుంటది. చెప్పకుంటే ఆయన దొంగైతడు. ఆయన్నే దొంగను చేసిన. ఇంకో ముప్పై ఏండ్లు బతికింది అక్క, నిండ గాజులతోని. గాజులామె వాడకు వస్తే నన్నే పిలిచేది, "తమ్మీ, ఏ రంగు ఏసుకోవాల్రా" అని. పచ్చయి ఏసుకో అక్కా అనేటోన్ని. అని, ఏదో ఒక పని వెట్టుకొని బజారుకు పోయేటోన్ని.

...మీ నాయన కాలు ఎట్లున్నదిరా? దవాఖానకు తోల్కపోయిండ్రా లేదా?