గ్రీసులో కూడా కలిశారుగా

ట్రాయ్, మిచిగన్. 1989 జూలై, ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి ఇంకా టై విప్పని జయరాజు. అరగంట నుంచి అతనికి గ్రీసు గురించి చెబుతున్న పాత స్నేహితుడు మోహన్. ఇద్దరికీ అన్నం వడ్డిస్తున్న జయరాజు భార్య కరుణమ్మ.

“అది కాదు జయరాజూ, పూర్తిగా విను. అక్కడా రెండు కమ్యూనిస్టు పార్టీలే. మనం అరవై నాలుగులో చీలితే వాళ్లు అరవై ఎనిమిదిలో చీలారు. ఇరవై ఏళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. అలాంటివాళ్లు మొన్న ఒకే కూటమిగా ఎలక్షన్లో నిలబడ్డారు.”

“తెలుసు. పేపర్లో చూశాను.”

“చూశావు. అసలు సంగతి ఈ నెల్లో జరిగింది. ఆ కూటమి వెళ్లి ఎవరితో గవర్నమెంటు పెట్టింది? కుడిపార్టీతో. నమ్ముతావా?”

“నమ్మక ఏం చేస్తాను మోహన్. కూర వేసుకో.”

“అంత తేలిగ్గా తీసెయ్యకు. నలభై ఏళ్ల కిందట సివిల్ వార్‌లో ఒకళ్లనొకళ్లు కాల్చుకున్నవాళ్లు. మా ఆఫీసులో స్టావ్రోస్ లేడూ, నా పక్క సీటు, వాళ్ల నాన్నని ఆ కుడివాళ్లే దీవికి పంపి రాళ్లు మోయించారు. పొద్దున కొండమీదికి, సాయంత్రం మళ్లీ కిందికి. అవే రాళ్లు. అలాంటివాళ్లు కలిశారు. ఎందుకు? సోషలిస్టులు గద్దె మీద ఉండగా జరిగిన కుంభకోణాలకి కేసులు పెట్టాలి. ఇప్పుడు పెట్టకపోతే గడువు దాటిపోతుంది. అందుకని కొద్ది నెలల గవర్నమెంటు. ఒకటే పని. అది అయిపోగానే ఎవరి దారి వాళ్లది.”

“అన్నయ్యగారూ, రొయ్యలు చల్లారిపోతున్నాయి.”

“తింటున్నాను చెల్లెమ్మా. నీ చేతి రొయ్యలు చల్లారినా పర్లేదు.”

“పొత్తుల గురించి నువ్వు నాకు చెప్పాలా మోహన్. ఎమర్జెన్సీలో మీ పార్టీ ఎవరి చంక ఎక్కిందో చూశాం కదా.”

“అది మా పార్టీ. నేను అప్పటికే ఇక్కడ ఉన్నాను. ఫోర్డ్ కార్ల తలుపులకి డ్రాయింగులు గీసుకుంటున్నాను.”

“తలుపులు గీస్తూనే సమర్థించావు. స్నో పడుతుంటే పార్కింగ్ లాట్‌లో నిలబడి గంట వాదించావు. నా చెవులు గడ్డకట్టాయి.”

“వాదించాను. తప్పే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాగా.”

“ఇవాళ చాలా ఒప్పుకుంటున్నావు. ఏమిటి సంగతి?”

“సంగతేముంది. యూరప్ అంతా మారుతోంది అంటున్నాను. ఇటలీవాళ్లు చూడు, పదేళ్లకి ముందే రాజీ రాజీ అన్నారు. ఫ్రాన్స్ వాళ్లు సోషలిస్టుల మంత్రివర్గంలో చేరారు.”

“చేరి మూడేళ్లకి బయటికొచ్చారు. ఓట్లు సగం ఇంట్లో మర్చిపోయి వచ్చారు.”

“అదే చేరకపోతే ఉన్న ఓట్లకి మాత్రం ఏం చేసేవాళ్లు? నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్లా? మనమే ఉన్నాం. ఎన్నేళ్లయింది మనం ఈ ప్రోగ్రెసివ్ గ్రూపు పెట్టి? నెలకోసారి ఈ టేబుల్ దగ్గరే కూర్చుని నికరాగ్వా గురించి తీర్మానం చేస్తాం. నికరాగ్వాకి ఆ సంగతి తెలీదు.”

“ఇక్కడివాళ్లకీ తెలీదులే. అది సరే, మన తెలుగు సమితి ఎలక్షన్ సంగతి చెప్పు. గోపాల్‌వాళ్లని కలుస్తానన్నావు.”

“అక్కడికే వస్తున్నాను.”

“గ్రీసు మీదుగా వస్తున్నావు. చుట్టూ తిరిగి.”

“శుక్రవారం కలిశాను. గోపాల్ ఇంట్లోనే. రామమోహన్ ఉన్నాడు, ఇంకో ఇద్దరు గుడి కమిటీవాళ్లు ఉన్నారు. మాట్లాడాం.”

“ఒప్పుకున్నారా?”

“ఒప్పుకున్నట్టే.”

“ఒప్పుకున్నట్టే అంటే?”

“జగన్మోహన్‌ని దింపాలన్నది వాళ్లకీ ఉంది. ఆరేళ్లుగా ప్రెసిడెంటు కుర్చీ దిగడు, జనరల్ బాడీ పెట్టడు, లైబ్రరీ గదిని షోలకొచ్చే సినిమావాళ్లు మేకప్ వేసుకోడానికి ఇచ్చి, మిగతా రోజులు తాళం వేసేశాడు. వాళ్లూ విసిగిపోయారు. వాళ్ల ఓట్లు వాళ్లకి చాలవు, మన ఓట్లు మనకి చాలవు. కలిస్తే చాలతాయి. ప్రెసిడెంటు వాళ్లకి, సెక్రటరీ మనకి. ఒక్క ఏడాది. లైబ్రరీ మళ్లీ తెరవడం, ఏటా ఎలక్షన్ పెట్టాలని రూల్ రాయడం. ఆ రెండూ అయిపోతే ఎవరి దారి వాళ్లది.”

“మంచిదే కదా. సెక్రటరీ పని నాకు కొత్తేం కాదు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి కొత్తవాళ్లని తెచ్చేదీ నేనే, శనివారం పిల్లలకి అఆలు చెప్పేదీ నేనే. ఆ పేరు ఒక్కటే లేదు. ప్రేమజ్యోతి నిన్న పాంఫ్లెట్ టైప్ చేసింది కూడా. డాడీ, సెక్రటరీకి ఫుల్ నేమ్ పెట్టాలా అని అడిగింది.”

“పాంఫ్లెట్... అప్పుడే టైప్ చేసేసిందా?”

“చేసింది. ఏం?”

“ఏం లేదు. చారు ఉందా చెల్లెమ్మా?”

“మీ పక్కనే ఉంది అన్నయ్యగారూ. ఇందాకటి నుంచి.”

“మోహన్. గిన్నె కింద పెట్టు. ఏమన్నారు వాళ్లు?”

“చూడు, పొత్తు అన్నాక రెండు పక్కలా ఏదో ఒకటి వదులుకోవాలి. స్టావ్రోస్ కూడా అదే అన్నాడు. పెద్ద పని ముందు పెట్టుకున్నప్పుడు చిన్న చిన్న...”

“ఏమన్నారు?”

“నీ పేరు ఈ ఒక్క ఏడాదికి వద్దన్నారు.”

“నా పేరా?”

“నీ మీద ఎవరికీ ఏమీ లేదు. అందరికీ గౌరవమే. కానీ వాళ్లు గుడి కట్టాలనుకుంటున్నారు. వాళ్లవాళ్లంతా ఆ ఉత్సాహంలో ఉన్నారు. ఇలాంటప్పుడు ప్యానెల్ మీద చర్చికి వెళ్లే మనిషి పేరు ఉంటే...”

“చర్చికి వెళ్లే మనిషి.”

“వాళ్ల మాట అది.”

“ఎవరి మాట? గోపాల్ అన్నాడా?”

“ఒకరని కాదు. అక్కడి వాతావరణం అలా ఉంది.”

“వాతావరణం నోరు తెరిచి జయరాజు పేరు తియ్యమందా?”

“రామమోహన్ అన్నాడనుకో.”

“అనుకోనా, అన్నాడా?”

“అన్నాడు. అన్నాడు జయరాజూ. నేను అక్కడే లేచి వచ్చేద్దామనుకున్నాను. నిజంగా. మళ్లీ ఆలోచించాను. లేచి వచ్చేస్తే ఏమవుతుంది? ఇంకో ఆరేళ్లు జగన్మోహన్. మన గౌరవం మన దగ్గర ఉంటుంది, లైబ్రరీకి తాళం ఉంటుంది.”

“చర్చి అన్నాడు కాబట్టి బాగుంది. ఇంకో మాట అనలేక ఆ మాట అన్నాడు. గుంటూరులో మా పేటకి ఏ పేరుందో ఆ పేరు ఇంగ్లీషులో చర్చి.”

“ఛ, అంతదూరం వెళ్లకు.”

“నేను వెళ్లడమేమిటి. అక్కణ్ణుంచే కదా వచ్చాను.”

“చూడు, నా గురించి నీకు తెలుసు. ఆ రోజుల్లోనే మీ పేటకొచ్చి మీ అమ్మ పెట్టిన అన్నం తిన్నవాణ్ణి నేను. మా ఇంట్లో తెలిసి నాన్న నెల్లాళ్లు మాట్లాడలేదు.”

“ఆ సంగతి మాకు తెలుసు అన్నయ్యగారూ. పెళ్లయి వచ్చినప్పట్నించి వింటున్నాను. పోయినేడు పిక్నిక్‌లో కూడా చెప్పారు.”

“అంటే చెల్లెమ్మా, కొత్త కుర్రాళ్లకి తెలియాలని...”

“మా అత్తమ్మ నాకెప్పుడూ చెప్పలేదు, మోహన్ మా ఇంట్లో అన్నం తిన్నాడని. ఆకలేసి వచ్చిన కుర్రాడికి పెట్టింది, మర్చిపోయింది.”

“కరుణా, ఊరుకో.”

“నేనేమన్నాను. మజ్జిగ తేనా?”

“తే. మోహన్, స్టావ్రోస్ అదే అన్నాడన్నావు. వాళ్ల నాన్న ఏమన్నాడు?”

“ఏ నాన్న?”

“రాళ్లు మోసినాయన. ఇప్పుడు ఎక్కడున్నాడు?”

“ఇక్కడే, కొడుకు దగ్గరే. ముసలాయన. ఆయనకి ఇవన్నీ ఏం తెలుస్తాయి.”

“రాళ్లు మోసినాయనకి తెలీక నీకూ నాకూ తెలుస్తుందా? ఏమన్నాడు?”

“ఏమీ అనలేదట. వార్త వచ్చిన రోజు టీవీ కట్టేసి గ్యారేజ్‌లోకి వెళ్లి కూర్చున్నాడట. స్టావ్రోస్ వెళ్లి వివరంగా చెప్పాడు, ఇది కొన్ని నెలలకే నాన్నా, దొంగల్ని పట్టుకోడానికే అని. అంతా విని, నన్ను కొట్టినవాడు కూడా ప్రతిసారీ ఇదొక్కసారే అనేవాడు అన్నాడట.”

“మరి ఏమీ అనలేదన్నావు?”

“అంటే, రాజకీయంగా ఏమీ అనలేదని.”

“అంతకంటే రాజకీయంగా ఏమనాలి మోహన్?”

“నువ్వు ఒప్పుకోకపోతే చెప్పు. ఇప్పుడే గోపాల్‌కి ఫోన్ చేసి పొత్తు లేదు గిత్తు లేదు అని చెప్పేస్తాను. సాయంత్రం నామినేషన్లు. నీకంటే నాకు సమితి ఎక్కువ కాదు.”

“నిజంగా చేస్తావా?”

“ఫోన్ ఎక్కడుంది?”

“వంటింట్లో, గోడకి. ఏం, లేవలేదే?”

“నువ్వు చెయ్యమంటే చేస్తాను.”

“కూర్చో. వద్దులే. నేను ఆలోచిస్తున్నది వేరే. నా పేరు లేకపోతే సెక్రటరీ ఎవరు?”

“అది ఇంకా అనుకోలేదు.”

“సాయంత్రం నామినేషన్లన్నావు.”

“మన గ్రూపులోంచే ఎవరో ఒకరు. శ్యామ్‌సుందర్‌ని అడిగాను, ఉద్యోగం మారుతున్నాడు, కుదరదన్నాడు. మిగిలినవాళ్లకి పిల్లలు చిన్నవాళ్లు. ఇక ఎవరూ లేకపోతే...”

“నువ్వు.”

“తాత్కాలికంగా. పేరుకి మాత్రమే. పని అంతా నీ చేతిలోనే ఉంటుంది, నిన్ను అడక్కుండా ఒక్క కాగితం కదలదు.”

“పని ఎప్పుడూ నా చేతిలోనే ఉంది మోహన్. దానికి సెక్రటరీ ఒప్పుకోనక్కర్లేదు.”

“కోపంగా ఉన్నావు.”

“లేదు. చిత్రం ఏంటంటే, కోపం రావడం లేదు. అదే చూసుకుంటున్నాను ఇందాకటి నుంచి. రావాలి కదా? రామమోహన్ లాంటివాడు కాదంటే నాకు పాత చొక్కా తొడుక్కున్నట్టుంది. ఎక్కడ బిగుసుకుంటుందో తెలుసు. ఆ మాట నువ్వన్నావనుకో, అప్పుడు నాకు ఏమయ్యేదో తెలీదు. అందుకే నీ మొహం చూస్తూ వింటున్నాను. అది నీ మాట కాదు కాబట్టి భరించగలుగుతున్నాను.”

“నా మాట ఎందుకవుతుంది.”

“అవదు. తెలుసు. ముప్ఫై ఏళ్ల స్నేహం. పార్టీ చీలినప్పుడు రెండేళ్లు మాట్లాడుకోలేదు, అది వేరు. అప్పుడు కూడా మనం ఒకళ్లనొకళ్లం పేరు పెట్టి తిట్టుకున్నాం. ద్రోహి అన్నావు నన్ను, రివిజనిస్టు అన్నాను నిన్ను. మనిషినే తిట్టావు, మా పేటని తిట్టలేదు.”

“ఎప్పటికీ తిట్టను.”

“సరే. నా పేరు తీసెయ్. నేనే తప్పుకున్నానని చెప్పు. వాళ్లు తీయించారంటే మన కుర్రాళ్లు ఆవేశపడి ఓట్లు వెయ్యరు. జయరాజుకి ఈ ఏడు వీలుకాదట, చర్చి పనులున్నాయట అను. చర్చి అన్నారు కదా, చర్చినే అను.”

“జయరాజూ... నువ్వు ఇంత పెద్దమనసుతో...”

“పెద్దమనసు కాదు. లైబ్రరీ తాళం తియ్యాలి. పిల్లలకి చదవడం నేర్పుతున్నాను, చేతికివ్వడానికి పుస్తకం లేదు. ప్రేమజ్యోతికి నేను చెప్పుకుంటాను, మళ్లీ టైప్ చెయ్యమని. నీ పూర్తి పేరు ఎలా రాయాలో రాసిచ్చి వెళ్లు.”

“నేను... సరే. నాకు మాటలు రావడం లేదు.”

“నీకా? బయల్దేరు. నామినేషన్లకి టైమవుతుంది. కరుణా, మోహన్‌కి రొయ్యలు ఒక డబ్బాలో పెట్టివ్వు, వాళ్లావిడ జయంతికి ఇష్టం.”

“పెడతాను. అన్నయ్యగారూ, మీరు వెళ్లేముందు ఒక్కమాట. మీరే చెబుతారేమోనని ఇంతసేపూ చూశాను.”

“ఏమిటి చెల్లెమ్మా?”

“నిన్న నళిని ఫోన్ చేసింది.”

“ఏ నళిని?”

“గోపాల్ గారి భార్య. ఈయన ఒంట్లో ఎలా ఉందని అడిగింది.”

“నా ఒంట్లో ఏమైంది కరుణా?”

“నేనూ అదే అడిగాను. శుక్రవారం వాళ్లు సెక్రటరీ దగ్గర మీ పేరు రాసుకునే కూర్చున్నారట. రామమోహన్ గారే రాశారట, పని చేసేది ఆయనే కదా అని. మోహన్ గారు లోపలికొచ్చి, ఇంకా చెప్పులు కూడా విప్పకముందే, జయరాజు నిలబడడులెండి, మీకా ఇబ్బంది లేకుండా నేను చూసుకుంటాను అన్నారట. ఏ ఇబ్బంది అని వాళ్లకి అర్థం కాలేదట. నీకేమైనా తెలుసా వదినా అని అడిగింది.”