పాచి రాళ్ళు

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఒక ప్లంబరు, అతని భార్య చెల్లెలు. అలిగి వచ్చిన భార్యను తీసుకెళ్ళడానికి వచ్చాడతను. ఆమె బజారునుంచి ఇంకా రాలేదు.

"దీన్ని నువ్వు చేపల తొట్టి అంటున్నావు. నాకైతే ఆస్పత్రిలో ఐసీయూలా ఉంది. ఈ వైర్లేంటి, ఈ డబ్బాలేంటి, లోపల ఒక్క చేపైనా లేకుండా?"

"కూర్చోండి బావా. ఏదీ ముట్టుకోకండి."

"ముట్టుకోలేదమ్మా, చూస్తున్నా. ఇరవై ఏళ్ళుగా నీళ్ళ పని చేస్తున్నవాణ్ణి, చూడ్డానికి కూడా నీ పర్మిషన్ కావాలా? మీ అక్క ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది."

"వస్తుంది వస్తుంది అని గంటనుంచి అంటున్నావు. ఆరింటి బస్సుకి పోవాలి మేము."

"వస్తున్నట్టు ముందు చెప్పి ఉంటే ఇంట్లోనే ఉండేది."

"నా పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి నాకు అపాయింట్‌మెంటొకటా. సరే, గోడకి అతికించిన ఈ చీటీ ఏంటి? 'ఉప్పు. చేపల షాపుది. వంట ఉప్పు కాదు.' ఉప్పుకి కూడా వేరే షాపుందా?"

"సముద్రంలో ఉండేవన్నీ ఆ ఉప్పులో ఉంటాయి. వంట ఉప్పులో ఉండవు."

"సముద్రం. ఈ మూరెడు గాజుపెట్టెలో సముద్రం. ఇది విను. 'అరవై లీటర్ల తొట్టి, వంద కిలోలు మోసే బల్ల.' అరవై లీటర్లకి వంద కిలోలేంటి? రాసినవాడికి బుర్ర ఉందా?"

"నీళ్ళే అరవై కిలోలు బావా. గాజు, ఇసుక, రాళ్ళు కలుపుకోండి. తొంభై దాటుతుంది. ఈ లెక్క మీకు నేను చెప్పాలా?"

"సర్లే, సరిపోయింది. ఎక్కడో కాపీ కొట్టి ఉంటారు. ఈ దుర్భిణిలాంటిది ఏంటి?"

"నీటిచుక్క వేసి చూస్తే ఉప్పెంతుందో తెలుస్తుంది. కింద పెట్టండి."

"నాలిక మీద వేసుకుంటే తెలీదూ? ఈ నీలం లైటు? డాన్సు చేస్తాయా చేపలు?"

"లైటు పగడాలకి. ముందు ముందు వేస్తాం."

"పగడాలు ఉంగరంలో పెట్టుకునేవి కదా. వాటికి లైటెందుకు?"

"బతికున్నవి వేరు. మీకు తెలీదులెండి."

"నాకు తెలీదు. నీళ్ళ గురించి నాకు తెలీదు. బాగుంది. 'కొళాయి నీళ్ళు చుక్క కూడా వాడకూడదు.' కొళాయి నీళ్ళకేం రోగమొచ్చింది? ఈ వీధికి లైను వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను."

"క్రిములు చావడానికి అందులో మందు కలుపుతారు. మనం తాగొచ్చు. చేపలకి అది విషం."

"ఎవరన్నారు?"

"షాపాయన."

"షాపాయనకి ఫిల్టరు అమ్ముకోవాలి, అంటాడు. ఇదిగో, ఇది దొరికింది. 'నీళ్ళు ఆవిరై తగ్గితే మంచినీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోయకూడదు.' ఉప్పునీళ్ళ తొట్టిలో రోజూ మంచినీళ్ళు పోస్తే చప్పబడిపోదూ? ఏ తెలివైనవాడు రాశాడోగానీ."

"ఆవిరయ్యేది నీళ్ళు. ఉప్పు కాదు."

"ఆగు, ఆలోచించనీ."

"ఆలోచించండి. కొత్త పనే కదా."

"నోరు మాత్రం మీ ఇంట్లో అందరికీ ఒకే సైజు. 'వైరు ప్లగ్గుకంటే కిందకి వేలాడాలి, కారిన చుక్క బోర్డులోకి పోకుండా.' ఇది మాత్రం పనితెలిసిన మాట. ఇది మగాడు రాసిందే."

"అక్క రాసింది."

"ఏ అక్క?"

"నాకెంతమంది అక్కలు బావా?"

"మీ అక్కా? ఈ చీటీ మొత్తం మీ అక్కా? పైన ట్యాంకు పొంగి వీధిలోకి కారుతున్నా మోటారు ఆపడం గుర్తుండదు దానికి."

"తొట్టి కూడా దానిదే. నేను ఈ మూల ఖాళీ చేసి ఇచ్చాను, అంతే. రోజూ షాపుకెళ్ళి కూర్చుని అడిగి అడిగి రాసుకొచ్చింది."

"ఇంకేం. దాని చేతిలో పడితే చేపైనా..."

"ఆపేశారేం? పూర్తి చెయ్యండి."

"ఏం లేదు."

"మీ కాంట్రాక్టరు గారింట్లో పూర్తి చేశారుగా, పదిమంది ముందు. ఎవరో పసిపాపని అక్క చేతికివ్వబోతే ఏమన్నారు?"

"అది జోకు."

"ఏమన్నారు?"

"'దాని చేతికివ్వకండి, రెండు చేపల్నే చంపేసింది' అన్నాను. అందరూ నవ్వారు. మీ అక్క కూడా నవ్వింది."

"నవ్వింది. మర్నాడు పొద్దున్నే బ్యాగు పట్టుకుని ఇక్కడికొచ్చింది."

"ఒక్క జోకుకి ఐదు వారాలా?"

"ఒక్క జోకు కాదు, ఆరేళ్ళనుంచి అదే జోకు. చుట్టాలొస్తే అదే. పక్కింటివాళ్ళొస్తే అదే. ఇంతకీ ఆ చేపల గిన్నె తీసుకెళ్ళి కొళాయి కింద పెట్టిందెవరు?"

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు?"

"నీళ్ళు నమలకండి. ఎవరు?"

"మురికిగా ఉంటే మార్చాను. మా ఇంటి లైను నా చేత్తో వేసుకున్నది, నీళ్ళు అద్దంలా వస్తాయి."

"సాయంత్రానికి రెండూ వెల్లకిలా తేలాయి. మరి చంపింది అక్క ఎలా అయింది?"

"ఆ పూట ఎవరో వచ్చారు, చేపలేవని అడిగారు. నీళ్ళ పనివాడు నీళ్ళు మార్చి చేపల్ని చంపాడంటే పరువుంటుందా? ఏదో నోటికొచ్చింది అనేశాను. తర్వాత అదే అలవాటైపోయింది."

"ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పారు. అదీ దానికి కాదు, నాకు."

"దానికి తెలుసుగా, ఇంక చెప్పేదేముంది?"

"తెలిసి కూడా నోరు మూసుకుంది. అదీ దాని తప్పు."

"సరే, ఆ పురాణం వదిలెయ్. ఐదు వారాలై ఖాళీ నీళ్ళని చూస్తూ కూర్చున్నారా అక్కాచెల్లెళ్ళు? చేపేది?"

"తొట్టి నిన్ననే నింపాం. ఐదు వారాలూ రాళ్ళకి పట్టింది. ఆ మూల నీలం డబ్బాలో ఉన్నాయి, లోపల మోటారు తిరుగుతోంది. సముద్రం రాళ్ళు. కంటికి కనబడని క్రిములుంటాయి వాటిలో. చేపల మురికిలో విషం పుడుతుంది కదా, దాన్ని అవే విరిచేస్తాయి. అవి పెరిగిందాకా చేప వెయ్యకూడదు. రోజూ పొద్దున నీళ్ళలో మందు చుక్కలు కలిపి రంగు చూసి రాసుకునేది అక్క. నిన్న విషం సున్నా వచ్చింది. చిన్నపిల్లలా గెంతింది. ఇప్పుడు చేప కోసమే వెళ్ళింది."

"ఆ పాచి రాళ్ళకా ఇంత కథ?"

"పాచి కాదది. అయినా మీరెక్కడ చూశారు, డబ్బాకి మూతుంటే?"

"నువ్వు మేడ మీద బట్టలు తీస్తున్నంతసేపు నేను ఊరికే కూర్చున్నాననుకున్నావా? పని చేసే చేతులు ఇవి. మూత తీస్తే ఒకటే నీచు వాసన. రాళ్ళకి గులాబి రంగు పాకుడు, చెత్త. ఇద్దరు ఆడవాళ్ళున్న ఇంట్లో..."

"ఏం చేశారు?"

"బాత్రూంలో బ్రష్షుంది. బ్లీచింగ్ పౌడరు కూడా ఉంది. చూడు ఎలా వచ్చాయో, పాలలా. ఆ కంపు నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు కూడా పట్టి పెట్టాను."

"ఏ నీళ్ళు?"

"కొళాయి నీళ్ళే. ఇంకేముంటాయి?"

"చచ్చిపోయాయి."

"రాళ్ళెక్కడైనా చస్తాయా?"

"మీ చేతిలో చస్తాయి. ఈ డబ్బాలో ఇప్పుడు ఏమీ మిగల్లేదు బావా. మళ్ళీ కొత్త రాళ్ళు, మళ్ళీ ఐదు వారాలు, మళ్ళీ చుక్కలు."

"పోతే పోనీ. నేను దాన్ని తీసుకెళ్ళాక నువ్వు తీరిగ్గా పెట్టుకో."

"ఎలా తీసుకెళ్తారు? మొదటి చేప వేసిన రోజు మీకు ఫోన్ చేసి, ఇంటికొస్తున్నానని చెప్తానంది. ఈ సాయంత్రమే చెయ్యాలి. ఆ తలుపు వెనక చూడండి, బ్యాగు సర్దేసి పెట్టింది."

"సర్దేసిందా? మరి ముందే చెప్పవేం? వస్తుందన్నమాట."

"చేప బతుకుతుందని తనకి తాను చూపించుకుని వస్తానంది. ఇప్పుడేం చూపించుకుంటుంది?"

"ఎంత పని చేశాను."

"ఏంటి?"

"ఏం లేదు."

"వినండి. ఎందుకు చెప్తున్నానో నాకే తెలీదు, మీ మీద జాలి మాత్రం కాదు. అక్కకి ఈ చేప ఒక్కటే కాదు కావలసింది. ఆరేళ్ళనుంచి మీ నోటినుంచి ఒక్క మాట కోసం చూస్తోంది. 'నేనే.' అంతే. ఇప్పుడొస్తుంది, మూత తీస్తుంది, ఎవరు కడిగారని అడుగుతుంది. 'నేనే' అనండి. తిడుతుంది, ఏడుస్తుంది. కానీ మీతో వస్తుంది. నా అక్క సంగతి నాకు తెలుసు."

"ఇంతేనా? ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

"అని చూపించండి."

"నీ ముందా?"

"నా ముందే."

"నేనే."

"పూర్తిగా."

"నేనే కడిగాను. నేనే, నేనే, నేనే. చాలా? చంటిపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు."

"ఆ వెటకారం తీసేసి అనండి."

"నేనే కడిగాను. తెలీక చేశాను."

"ఆ. ఇలా అంటే చాలు. రెండో మాట నేను చెప్పలేదు, మీరే కలిపారు. పర్వాలేదు, మనిషే ఉన్నాడు లోపల."

"నువ్వొకటి. మెట్ల మీద ఎవరో."

"అక్కే."

"తలుపు తియ్యవే, చేతులు ఖాళీ లేవు. అయ్యో, మీరా? ఎప్పుడొచ్చారు?"

"ఇందాకే. గంటైంది."

"సాయంత్రం నేనే ఫోన్ చేద్దామనుకున్నాను. ఇదిగో, కవర్లో చూడండి. చిటికెన వేలంత ఉంది. దారంతా ఎండ తగలకుండా పైటకొంగు కప్పి తెచ్చాను. చెల్లీ, కవరు తొట్టిలో తేలేసి ఉంచు, ఈలోపు రాళ్ళు డబ్బాలోంచి తొట్టిలోకి మారుద్దాం."

"అక్కా, ఒక్క నిమిషం కూర్చో."

"కూర్చోడమేంటే, కవర్లో ప్రాణం ఉంటే. జరుగు, మూత తీస్తా. ఇదేంటి? ఇవెందుకింత తెల్లగా ఉన్నాయి? ఈ వాసన బ్లీచింగ్‌దా? ఎవరు కడిగారు వీటిని?"

"బావా."

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరు కడిగారు?"

"నే... నేను వద్దంటూనే ఉన్నా, నీ చెల్లెలు వింటేగా."