ఢిల్లీకీ బెంగుళూరుకీ నేను కుదిర్చిన సంబంధం

"తాతా, ఢిల్లీ ఆఫీసరునూ బెంగుళూరు ఆఫీసరునూ ఒకే దినం మీ చేనికాడికి రప్పించినారంట గదా, అదెట్ల జరిగిందో చెప్పండి. కేంద్రమూ రాజ్యమూ కలిసి కరెంటు పనులు ఎట్ల చేస్తాయో రాసుకోని రమ్మన్నారు కాలేజీలో."

కూర్చో చిత్రమ్మా. ఆ మంచం మీద వద్దు, దానికి ఒక కోడు ఊగుతాది, ఈ కుర్చీలో కూర్చో. ఫోను ఇంకొంచెం ఇటు జరుపు. నేను గూళూరులో మాట్లాడితే బాగేపల్లిలో తలుపులు తెరిచేవాళ్ళు ఒకప్పుడు, ఇప్పుడు వయసైపోయింది, పక్కింటిదాకానే పోతాది. ఊఁ, రాసుకో. కాదు, రాసుకోవద్దు, విను. రాసుకుంటా ఉంటే నా మొహం చూడవు, మొహం చూడకపోతే సగం కథ పోయినట్టే.

నేను నా జీవితంలో నూట నలభై సంబంధాలు కుదిర్చినాను. మీ రత్నమ్మ అవ్వను అడిగితే పదకొండు అంటాది. ఆమె మాట పట్టుకోవద్దు, కుదరబోయి తప్పిపోయినవి ఆమె లెక్కలోకి తీసుకోదు. చింతామణి నుంచి హొసూరు దాకా ఏ ఇంట్లో పిల్లకు ఎన్నేండ్లు, ఏ ఇంట్లో పిల్లోడికి ఎంత పొగరు, అంతా ఈ తలకాయలో ఉండాది. ఇది ఎందుకు చెప్తాండానంటే, ఈ విద్య లేకుంటే మా చేన్లో సోలారు మోటారు లేదు. మోటారు లేకుంటే ఏమైపోయేదో, ఆడికే వస్తాండాను.

కేంద్రమూ రాజ్యమూ అంటే ఏమనుకున్నావు? రెండు పెద్ద ఇండ్లు, అంతే. ఒక ఇల్లు ఢిల్లీలో, ఒక ఇల్లు బెంగుళూరులో. ఇద్దరికీ ఆస్తి ఉండాది, ఇద్దరికీ మంచి మనసే ఉండాది. సోలారు మోటారు పెట్టుకునే రైతుకు ఖర్చులో ఒక పాలు మేమిస్తాం అంటాది ఢిల్లీ. ఒక పాలు మేమూ ఇస్తాం అంటాది బెంగుళూరు. మిగిలింది మనం వేసుకోవాల. వినేదానికి పాయసం మాదిరి ఉండాది గదా. అయితే ముందు మాట ఎవరిది? అక్కడే పెండ్లి ఆగిపోయేది.

మల్లా మన రాజ్యం మోటారు కరెంటుకు దుడ్డు అడగదు, లేదనను, పుణ్యాత్ములు. కానీ అది వచ్చేది దానికి తోచినప్పుడు. పగలు కొంచెం, మిగిలిందంతా మనిషి పండుకునే టైములో. టార్చి పట్టుకోని పాముల మధ్య నీళ్ళు కట్టినాను తల్లీ ఇన్నేండ్లు. ఒకసారి ఒక నాగుపాము, పద్నాలుగు అడుగులు, గట్టు మీద పడగెత్తి నిలబడింది. నేను ఒక చూపు చూసినాను. అదే పక్కకు తిరిగి దోవ ఇచ్చింది. నవ్వుతావేం, ఇది రికార్డు అవుతాంది గదా, అబద్ధం చెప్తానా?

ఆఁ, యాడున్నాను? అర్జీ. సోలారుకు అర్జీ వేసేటప్పుడు ఒక షరతు ఉండాది. పాత కరెంటు లైను వాపసు ఇచ్చేయాల. ఒక బోరుకు రెండు సుఖాలు కుదరవు అన్నారు. మీ అవ్వ వద్దండి, కొత్తది చేతికొచ్చినాక పాతది వదలండి అని నెత్తీ నోరూ కొట్టుకునింది. నేను వింటానా? మాట ఇచ్చినాక వెనక్కి చూసే వంశమా మాది? పోయి ఇచ్చేసి వచ్చినాను. స్తంభం మీద తీగ కత్తిరిస్తాంటే చప్పట్లు కొట్టినాను కూడా.

ఆమైన మొదలైంది అసలు తిప్పలు. బెంగుళూరు ఆఫీసులో అడిగితే, ఢిల్లీ నుంచి వాళ్ళ పాలుకు ఉత్తరం రావాలప్పా, వస్తే మేము బిర్నా మంజూరు చేస్తాం అంటారు. ఢిల్లీకి రాస్తే, మీ రాజ్యం నుంచి ఒప్పుదల రానీ, వస్తే ఆ దినమే చేస్తాం అని జవాబు. ఎనిమిది నెలలు. ఎవురూ చెడ్డోళ్ళు కాదు చిత్రమ్మా, అది బాగా రాసుకో. మగపెండ్లివాళ్ళు అడగనీ అని వీళ్ళు, ఆడపెండ్లివాళ్ళు కబురంపనీ అని వాళ్ళు. ఇద్దరూ ఇంటి ముందర ముగ్గేసుకోని కూర్చోనుండారు, నడిచొచ్చేవాళ్ళు లేరు.

అప్పుడు లేచినాను నేను. తెల్ల పంచ, తెల్ల చొక్కా, భుజాన జరీ కండువా, బాగేపల్లిలో బస్సెక్కినాను. ఇప్పుడంటే బస్సు చార్జీ అంత పెట్టినాం గానీ, మా నాయన కాలంలో చింతామణికి ఎనిమిదణాలు. మా నాయన ఆ ఎనిమిదణాలు మిగిలించాలని నడిచిపోయి, ఆ ఎనిమిదణాలకు ఆడ దోసెలు తిని, కడుపు నిండి నడవలేక బస్సులో వచ్చేవాడు. పొదుపు మా రక్తంలోనే ఉండాది.

బెంగుళూరు ఆఫీసులో ఒక మేడం. మంచి మనిషి, కండ్లద్దాలు, టేబిలు మీద నా ఎత్తు ఫైళ్ళు. ఆమె ముందర నిలబడి కన్నడంలో, అమ్మా, ఢిల్లీవాళ్ళు ఎప్పుడో ఒప్పేసుకున్నారు, మీదే ఆలస్యం, వాళ్ళు చిన్నబుచ్చుకుంటాండారు అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి, అట్లనా, మాకు తెలీదే అనింది. తిరిగొచ్చి బాగేపల్లిలో జెరాక్సు అంగడి వాడితో ఇంగ్లీషులో ఢిల్లీకి ఉత్తరం కొట్టించినాను. బెంగుళూరువాళ్ళు ఎప్పుడో ఒప్పేసుకున్నారు, మీ కోసమే కాచుకోనుండారు అని.

అబద్ధమా? పెండ్లి సంబంధాల్లో దాన్ని అబద్ధం అనరు తల్లీ. పిల్లోడి ఇంటికి పోయి పిల్ల ఇంటివాళ్ళకు మీరంటే ప్రాణం అని చెప్తాం, పిల్ల ఇంటికి పోయి పిల్లోడు అన్నం మానేసినాడని చెప్తాం. నిజం బయటపడే లోపల పత్రికలు అచ్చయిపోతాయి. ఒప్పుకోవాలని లేనోళ్ళను నేను ఎప్పుడూ ఒప్పించలేదు. ఒప్పుకోవాలని ఉండి నోరు రానోళ్ళకు నోరైనాను, అంతే.

అంతే తల్లీ, పదైదు దినాల్లో ఢిల్లీ ఉత్తరమూ వచ్చింది, బెంగుళూరు ఉత్తరమూ వచ్చింది. సోలారు పలకలొచ్చినాయి, స్టాండ్లు నిలబెట్టినారు. ఇంక మిగిలింది ఒకటే. ఇద్దరు ఆఫీసర్లూ ఒకే దినం వచ్చి, మోటారు ఆడేది చూసి, కాగితం మీద ఇద్దరూ సహి చేయాల. చేయకపోతే కంట్రాక్టరు పలకలు విప్పుకోని పోతాడు. అది అట్ల ఉండనీ, మా ఇంట్లో పట్టు అల్లే రేష్మె పురుగులు నాలుగో కుబుసం విడిచి జ్వరం నుంచి లేచినాయి. ఆ టైములో అవి తినే తిండి నీకు తెలుసు గదా, మీ ఇంట్లోనూ పెంచినారు. బుట్టలు బుట్టలు ఆకు కావాల. చేన్లో మల్బరీ ఎండకు తలకాయలు వాల్చేసింది. పాత లైను లేదు, కొత్తది చేతికి రాలేదు. ఇంకో నాలుగు దినాలు నీళ్ళు పడకపోతే పురుగులు తట్టల్లోనే పోతాయి. మీ అవ్వ నాతో మాట్లాడేది నిలిపేసింది. నలభై ఏండ్లలో ఎంత కొట్లాడినా ఆ పని మాత్రం చేయలేదు ఆమె.

ఆఫీసర్లు వచ్చే ముందు దినం మధ్యాహ్నం కంట్రాక్టరు మనిషి మోటారు ఆడించి చూసినాడు. నీళ్ళు ఎట్ల పడినాయంటే, కాలవలో పిల్లలు పడవలేసుకోవచ్చు. సహి కానిదే ఆడించకూడదని ఆ చణమే నిలిపేసినాడు గానీ. ఇంక ధైర్యమొచ్చేసింది నాకు. రెండు సర్కార్లు మన చేనికి వస్తాంటే ఎండలో నిలబెడతామా? సామియానా తెప్పించినాను. మామూలుది కాదు, గూళూరులో పెద్ద పెండ్లిండ్లకు వేసేది, పద్నాలుగడుగుల బొంగులు, ఎర్ర అంచు. కుర్చీలు యాడ వెయ్యాల అంటే, పెండ్లిలో చుట్టాలు యాడ కూర్చుంటారు? పెండ్లికొడుక్కు ఎదురుగా. పలకలకు ఎదురుగా, దక్షిణం వైపు, దగ్గరగా వేయించినాను. పలకలకు విభూతి పట్టెలు, బంతిపూల దండలు, మామిడాకుల తోరణం. ఇరవై మందికి బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. చూసినోళ్ళు ఎవురి పెండ్లి అని అడిగినారు. ఢిల్లీకీ బెంగుళూరుకీ అని చెప్పినాను.

మార్నాడు పొద్దున జీపులు వచ్చినాయి. ఢిల్లీ సారు సన్నగా పొడుగ్గా ఉండాడు, తెల్ల టోపీ. మేడం వెనకనే. ఇద్దరికీ దండలు, నిమ్మకాయ షర్బత్తు. సారుకు మధ్యాహ్నం విమానం ఉండాదంట, బిర్నా కానీమన్నాడు. కంట్రాక్టరు మనిషి బటను నొక్కినాడు. మోటారు ముక్కింది. మూలిగింది. పైపులోంచి ఒక చెంబుడు నీళ్ళు ఉమిసి నిలిచిపోయింది.

మల్లా నొక్కినాడు. మల్లా ముక్కింది. ఇద్దరు ఆఫీసర్లూ మోటారు బటన్ల పెట్టె తెరిచి లోపలికి తొంగిచూసినారు. చదువుకున్నోళ్ళు పెట్టె లోపలికే చూస్తారు తల్లీ. సారు అన్నాడంట, బోరులో నీళ్ళు తక్కువేమో, బోరు చూసుకోవాల్సింది రాజ్యం గదా అని. మేడం అనింది, పలకల కంపెనీని ఏరింది మీరు గదా సార్ అని. చెప్పేది మర్యాదగానే చెప్పుకుంటాండారు, కానీ ఆ మర్యాద ఎట్లాంటిదంటే, పెండ్లిలో వంకాయ కూర చాలలేదని మొదలై పందిరి పీకే దాకా పోయేది. అంతలో సారు అనేసినాడు, మీరు ముందు ఒప్పుకున్నారు గదా అని మేము ఒప్పుకున్నాం అని. మేడం కండ్లద్దాలు తీసింది. మేమా? ముందు ఒప్పుకునింది మీరు గదా అనింది. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగినారు.

నేను చిరుతపులిని ఉత్త చేతుల్తో తరిమినోణ్ణి, నంది కొండ కింద, అది ఇంకోసారి చెప్తా. ఆ దినం మాత్రం జరీ కండువా తీసి చంకలో పెట్టుకున్నాను.

నిజం చెప్పేసినాను. కన్నడంలో మేడంకు చెప్తే ఆమె సారుకు చెప్పింది. "తప్పు నాదేనమ్మా. ఇద్దరికీ అబద్ధం చెప్పినాను. మీరిద్దరూ ఒకరికోసం ఒకరు కాచుకోనుండారు, నా పురుగులు ఎవురికోసమూ కాచుకోవు." అంతకన్నా ఒక్క మాట రాలేదు నా నోటికి. నాకు. ఊహించుకో.

అంతలో మీ అవ్వ వచ్చింది. ఆఫీసర్ల కోసం కాదు, పలకల కాడ నేల మీద చాపలో వడియాల మాదిరి సండిగలు ఆరేసి పెట్టుకునింది, వాటిని చూసుకునేదానికి. ఒకటి తీసి విరిచి చూసింది. అది వంగింది గానీ విరగలేదు.

"పొద్దున్నుంచి ఇవి ఆరలేదు. ఈడ ఎండ యాడుండాది?" అనింది. నాతో కాదు, సండిగలతో.

అందరమూ తలెత్తినాం. మార్గశిర మాసం ఎండ, దక్షిణానికి వాలి ఉండాది. మా సామియానా నీడ, పద్నాలుగడుగుల నీడ, పెండ్లికొడుకు మీద దుప్పటి కప్పినట్టు పలకల మీద పండుకోనుండాది. ఎండ తిని బతికే దానికి నీడ పట్టినాను తల్లీ, మర్యాద చేసి. మేడం మొదలు నవ్వింది. సారుకు ఆమె చెప్పనక్కర్లేదు, చూసినాడు, టోపీ తీసి దాంతోనే మొహం కప్పుకోని నవ్వినాడు.

సామియానా వేసినోళ్ళు ఇంకో పెండ్లికి పోయినారు, పిలిస్తే రారు. ఒక బొంగు నేను పట్టుకున్నాను. నిజానికి నాలుగూ నేనే ఎత్తేవాణ్ణి, వాళ్ళు వినలేదు. ఒకటి కంట్రాక్టరు మనిషి. ఒకటి మేడం, చీర చెంగు నడుముకు దోపుకోని. ఒకటి ఢిల్లీ సారు. ఆ పక్క అని కన్నడంలో ఆమె, ఈ పక్క అని హిందీలో ఆయన, మధ్యలో తెలుగులో నేను, కాదు కాదు, పడమటికి, పడమటికి. నడుచుకుంటా పోయినాం నలుగురమూ గుడ్డ నెత్తిన పెట్టుకోని. నీ పుస్తకంలో కేంద్రమూ రాజ్యమూ కలిసి పనిచేసేది బొమ్మేసి ఉంటారే, నేను కండ్లారా చూసినాను.

ఎండ పలకల మీద పడింది. దండలు తీసేసి విభూతి అవ్వ తుడిచేసింది. బటను నొక్కినారు. నీళ్ళు ఎంత ఎత్తు ఎగిరినాయంటే పైన పోతాండే కొంగ తడిసి మా చేన్లో దిగింది. మేడం చెప్పులు తడిసినాయి. సారు పైపు ముందర దోసిలి పట్టుకోని చిన్నపిల్లోడి మాదిరి తాగినాడు. మల్బరీ సాళ్ళలోకి నీళ్ళు పోతాంటే నాకు కండ్లల్లో... ఎండ, ఎండ పడింది కండ్లల్లో.

ఇంక సహి. కాగితం టేబిలు మీద పెట్టినారు. సారు పెన్ను తీసి, మీరు ముందు మేడం అన్నాడు. లేదు సార్, మీరు ముందు అని ఆమె. మీరు పెద్దోళ్ళు అని ఆయన, మీరు అతిథులు అని ఆమె. మల్లా మొదటికొచ్చింది చిత్రమ్మా. నేను నోరు తెరిచినాను, ఏం అబద్ధం చెప్దామా అని.

మీ అవ్వ చెయ్యి చాపి పెన్ను తీసుకునింది. ఆ భూమి వాళ్ళ నాయన ఇచ్చింది, పత్రాలు ఆమె పేరున ఉండాయి, అర్జీ ఆమెది, బోరు ఆమెది. నేనేదో నాది నాది అని చెప్పుకుంటా తిరుగుతాను గానీ. కాగితం తిప్పి చూసింది. కింద రైతు సహి అని ఒక గీత ఉండాది, మేమెవురమూ చూడలేదు దాన్ని. "చేను నాది, మొదలు నేనే పెడతాను" అని పెట్టేసింది. రత్నమ్మ అని, ఒక్కో అక్షరమూ నిలబెట్టి. పెన్ను సారుకిచ్చింది. ఆయన పెట్టినాడు, మేడం పెట్టింది.

ఆమైన నా వైపు చూసి, ఓళిగలు చల్లారిపోతాండాయి, వడ్డించండి అనింది. మూడు దినాల తరువాత నాతో మొదటి మాట. ఇరవై మందికి చేసిన ఓళిగల్లో నేనొక్కణ్ణే పద్నాలుగు తిన్నాను, ఆ సంతోషానికి.

నువ్వు పెద్ద ఆఫీసరువి అవుతావు తల్లీ, నా మాట తప్పదు. ఎదురుగా ఇంకో ఆఫీసు మనిషి కూర్చోని మీరు ముందు, మీరు ముందు అంటా ఉంటే, ఎవురికోసమూ కాచుకోవద్దు, పెన్ను నువ్వు తీసుకో. నీ చేతి సహి ఏ కాగితం మీద పడినా ఆ చేనికి నీళ్ళు పారాల. చల్లగా ఉండు. రత్నమ్మా, ఈ పిల్లకు మజ్జిగ తీసుకురా... ఇంకా విన్లేదేమో. రత్నమ్మా...