గంజనుకొని ఉప్పేసిన సీసా

హలో… ఆ, నేనే, నీ తాతనే. ఈ ఇంట్ల ఫోనెత్తే కొలువు ఇంకెవరికున్నది హిమజా?

…ఫ్రిజ్‌ల సీసానా? ఉన్నది. నవాజ్ ఆటో పంపినవా? చిలకలగూడ దాటిండా? రానియ్.

…జెర ఆగు. నువ్వు తెల్లగుంటదంటున్నవ్. ఇప్పుడు తెల్లగ లేదు.

…అరె, అరవకు! గంజనుకున్న. ఉప్పులేని గంజి ఎవడు తాగుతడు? ఏసిన. కలిపిన. సూస్తుండంగనే తేటనీళ్ళయింది… తాగలే. ఒక్క గుక్క. ఉమ్మేసిన.

…ఏందీ? రొయ్య పెంకుల పొడా! నా నోట్ల! …ఇంకేం కలిపినవ్? తుమ్మబంకనా?

థూ. దీనికి పీహెచ్‌డీ! తుమ్మబంక సంగతి మా మేనమామను అడగాలె. విరిగిన ఎద్దు కొమ్మును బంకతోని అతికిచ్చిండు. ఆ కొమ్ముతోనే ఎద్దు పులిని పొడిచి, ఇంటిదాక ఈడ్చుకొచ్చింది… నవ్వుతలేవా? ఏడుస్తున్నవా?

…ఇయ్యాల్నే? పరీక్ష సార్ల ముంగట గదే సూపియ్యాల్నా? మళ్ళ చేస్తందుకు పొడి సుత లేదా…

…చెప్పు, ఇంటున్న. పెంకులది ఒక కరెంటు, బంకది దాని ఎదురు కరెంటు. నీళ్ళల్ల ఒకదాన్నొకటి కర్సుకొని సన్న సన్న చుక్కలైతయి, గందుకే తెలుపు. ఉప్పు నడుమ దూరితే పట్టు ఇడుస్తయి… ఓస్! ఉప్పుకు ఇడిసేది ఏం పట్టే? మీ నాయనమ్మ పండ్లన్నీ ఊడేదాక నాతోని కొట్లాడింది, ఇడిసిందా?

…నీళ్ళు పొయ్యాల్నా? పెద్ద గిన్నెల? ఉప్పు పల్సవడితే మళ్ళ అతుక్కుంటయా? నీళ్ళు పోస్తే నీళ్ళు పాలైతయని నాకే కత చెప్తున్నవ్! ఈ ఇంట్ల కతలు నేను చెప్పాలె, నువ్వు ఇనాలె.

…పోస్తున్న, పోస్తున్న. ఏం లేదు. ఇంక పోసిన. ఏం లేదు. మీ సైన్సు—

…

ఆగు.

…ఉన్న, ఉన్న. తెల్లగ మబ్బు పట్టింది బిడ్డా. గిన్నె నిండ.

…ఆ, మూత పెడ్త. ఒలకనియ్య. నవాజ్ హారన్ కొడుతున్నడు.

…నేనా? పొద్దుగాల నువ్వే గద అన్నవ్, తాతా రాకు, పులి కతలు చెప్పి నా ఇజ్జత్ తీస్తవని. ఇప్పుడెందుకు?

…ఉప్పేసి తెలుపు మాయం చేసి, నీళ్ళు పోసి మళ్ళ తెస్తవా, సార్ల ముంగట్నే! నేను ఎంతేసిన్నా? నాకేం ఎరుక, చేతికొచ్చినంత… ఓహో.

ఉప్పేసిన గా చెయ్యి కావాల్నా నీకు.

…వస్త, వస్త. ఇస్త్రీ అంగి ఏడ వెట్టిన్నో. పులిని మాత్రం ఇడువ, ముందే చెప్తున్న. పెట్టెయ్.