సెకనున్నర మొహం

సినిమాహాలు మేడ మీద మేనేజరు గది. మ్యాట్నీ ఇప్పుడే వదిలారు. బల్ల మీద ప్రేక్షకులు రాసిచ్చిన అభిప్రాయాల చీటీలు గుట్టగా ఉన్నాయి. ఎదురు కుర్చీలో, హాల్లో ఆడుతున్న అరవై ఏళ్ళనాటి రాజులకాలపు పాటల సినిమాను బాగుచేసి తెచ్చిన మనిషి. అందరూ ఆయన్ని డాక్టరనే పిలుస్తారు. గుమ్మంలో ఏదో అడుగుతూ ఒక పెద్దావిడ.

“సూపైతే కిందికి వెళ్ళాలి అక్కయ్యగారూ. క్యాంటీను మెట్ల పక్కనే. ఇక్కడ ఉడికేవి మా బుర్రలు మాత్రమే.”

“సూపు కాదు బాబూ, డూపు. డూపు గురించి వచ్చాను.”

“డూపా? రండి, కూచోండి. పొద్దుట్నించీ మాకూ అదే గొడవ. డాక్టరుగారూ, ఆ చీటీలు కాస్త జరపండి. చూశారా అక్కయ్యగారూ, రెండువందల పన్నెండు. అభిప్రాయాలని పేరే గానీ అన్నీ అభియోగాలే.”

“మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు గదండీ మేనేజరుగారూ.”

“ఎందుకు లేరు. ‘పాటలు నిన్న పాడినట్టున్నాయి’ అన్నాడొకాయన. ‘వీణ మీద గోరు తగిలిన చప్పుడు కూడా వినబడింది’ అందొకామె. ఇంకొకడు ‘పాటలూ బాగున్నాయి, పాట్లూ బాగున్నాయి’ అన్నాడు. మీరు మరీ శుభ్రంగా కడిగేశారు డాక్టరుగారూ. కోట గోడ అట్టముక్కని తెలిసిపోయింది. రాజుగారి విగ్గుకి సరిహద్దు కనబడింది. ఇదిగో, ‘దివిటీల పాటలో వెనక వరస సైనికుడికి కవచం కింద కాలరు చొక్కా ఉంది, కొత్తది కూడానూ.’ కవచం రాజులది, కాలరు ఈ రోజులది.”

“గుర్రం సీను గురించి ఏమన్నారు బాబూ?”

“అక్కడికే వస్తున్నా. సగం చీటీలు దాని మీదే. ‘గుర్రం ఎక్కింది మహారాజు, పడింది మరో రాజు.’ ఇది వినండి. ‘తలరాత మారుతుందంటారు, ఇక్కడ తలే మారింది.’”

“అది మీరే రాశారు గదండీ.”

“ఒక్కటి రాశాను లెండి డాక్టరుగారూ. మొదటిరోజు పెట్టె బోసిగా ఉందని.”

“అయితే ఇప్పుడేం చేస్తారు?”

“చేసేదేముంది అక్కయ్యగారూ. పాత ప్రింటులో అక్కడ మసి. హీరోయే పడ్డాడని జనం నమ్మేవాళ్ళు. ఇప్పుడు డూపు మొహం తేలింది, హాలంతా నవ్వు. రేపటి ఆట నుంచి దాని మీద మళ్ళీ మసి వేసేస్తామంటున్నారు డాక్టరుగారు.”

“వెయ్యకండి.”

“ఆఁ?”

“ఆ మొహం తియ్యకండి బాబూ. అది అడుగుదామనే వచ్చాను.”

“ఆగండాగండి. ఇవిగో, గుడ్డ మీద గీతలు గీసే నీలం పెన్సిలుతో రాసినవి... ‘గుర్రం సీను ముట్టుకోవద్దు.’ ‘గుర్రం సీను ఇలాగే ఉంచాలి.’ ఏడు చీటీలు, అన్నీ ఒకటే చేతిరాత. మీరేనా?”

“నేనే. టైలర్ని. ఏడుసార్లు చూశాను.”

“ఏడుసార్లు చూశారా, చూసి ఏడ్చారా?”

“రెండూను.”

“...ఏమనుకోకండి. నా నోరు ఊరుకోదు.”

“ఫరవాలేదు. ఆ పడేది మా నాన్న.”

“మీ నాన్నగారా? డాక్టరుగారూ, విన్నారా? ఏమిటలా గ్లాసు తిప్పుతారు?”

“వింటున్నాను.”

“స్టూడియోలో గుర్రాలు ఎక్కే పని చేసేవాడట. నేను అమ్మ కడుపులో ఉన్నాను. ఆ పడడం పడడం మళ్ళీ లేవలేదు. ఆయన స్నేహితుడొకడు బట్టల మూట తెచ్చిచ్చి, గుర్రం సీనులో పడి పోయాడు, దహనంతో సహా అంతా అక్కడే అయిపోయిందమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. మూటలో కొత్త చొక్కా లేదట. అమ్మే కుట్టింది, కాలరుకి రెండు వరసల కుట్టు వేసి మరీ. వాడే కొట్టేశాడని అరవై ఏళ్ళుగా తిడుతూనే ఉంది.”

“పోయినవాడి చొక్కా కూడా వదల్లేదా. స్నేహితుడు కాదండీ వాడు, స్వాహాహితుడు.”

“ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు బాబూ. నాకు అరవై నిండుతున్నాయి. మా నాన్న మొహం పోయిన ఆదివారం మొదటిసారి చూశాను. సెకనున్నర ఉందేమో. ఇంటికెళ్ళి అద్దం ముందు నించున్నాను. ముక్కు నాదే.”

“మీ అమ్మగారు... ఉన్నారా?”

“ఉంది డాక్టరుగారూ. మొన్న తీసుకొచ్చాను. గుర్రం సీను రాగానే కళ్ళు మూసేసుకుంది, ఆయన పడడం చూడలేనని. తరవాత ఆ దివిటీల పాటలో కళ్ళు తెరిచి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ‘అడుగోనే మీ నాన్న’ అంది. పెద్దదైపోయింది గదా. ఒక సీను ఆలస్యంగా ఎక్కుతోంది పాపం అనుకున్నాను.”

“దివిటీల పాటలోనా?”

“అవును. ఎందుకలా అడుగుతున్నారు?”

“ఏం లేదు.”

“అయితే ఆ మొహం ఉంచుతారు గదూ? ఉంచి, నాకొక ఫొటో తీసివ్వండి. గోడకి పెట్టుకుంటాం.”

“ఫొటో అంటే అమ్మా... దానికి కొన్ని పద్ధతులున్నాయి...”

“ఏం పద్ధతులండీ డాక్టరుగారూ? నిన్న మా టికెట్లమ్మాయికి రాణిగారి ఫొటో తీసిచ్చారు. రాణికి లేని పద్ధతి డూపుకెందుకు?”

“మేనేజరుగారూ, కాస్సేపు ఊరుకుంటారా?”

“ఊరుకున్నాను.”

“అమ్మా, మీరు టైలరన్నారు గదా. చొక్కా మధ్యలో గుడ్డ పూర్తిగా పోయిందనుకోండి. ఏం చేస్తారు?”

“అతుకు వేస్తాం.”

“అతుకు గుడ్డ?”

“బయటిది వేస్తే రంగు కలవదు. ఆ చొక్కాలోంచే తీస్తాం. అంచు మడతలోంచో, జేబు వెనకనుంచో. ఎక్కడ తీసినా తెలియని చోటు చూసి తీస్తాం.”

“నేనూ అంతే చేశానమ్మా. అక్కడ ఫిల్ముకి బూజు పట్టి తినేసింది. ముప్పై ఆరు ఫ్రేముల్లో గుర్రం ఉంది, ఒళ్ళు ఉంది, మొహం లేదు. హీరో మొహం ఆ వాలులో ఎక్కడా దొరకలేదు. వేరేచోట ఒక మనిషి సరిగ్గా అలాగే తల తిప్పాడు. ఆ తల తెచ్చి అతికాను. సెకనున్నర గదా, ఎవరు చూస్తారనుకున్నాను.”

“అంటే... అది మా నాన్న కాదా?”

“ఇందాకటి నుంచీ అదే చెప్పలేక చస్తున్నాను.”

“ఏడుసార్లు... ముక్కు కూడా...”

“అక్కయ్యగారూ, మంచినీళ్ళు తాగండి. డాక్టరుగారూ, ఆ గ్లాసు ఇటివ్వండి, తిప్పింది చాలు.”

“ఎక్కణ్ణించి తీశారు డాక్టరుగారూ? అతుకు?”

“అదేనమ్మా... దివిటీల పాటలోంచి. పడిపోయిన రాజుని సైనికులు దివిటీలు పట్టుకుని వెతుకుతారు గదా. వెనక వరసలో ఒకాయన.”

“దివిటీల పాటలోంచా? అయితే ఆయనే బాబూ. మా నాన్నే. అమ్మ ఆలస్యంగా చూడలేదు, సరిగ్గానే చూసింది. ఆవిడకి తెలియదూ మొగుడి మొహం? నేనే పిచ్చిదాన్ని.”

“అదీ సంగతి. చూశారా డాక్టరుగారూ, ఎవరి తల వాళ్ళకే పెట్టారు మీరు. పడినవాణ్ణి పడినవాడే వెతుకుతున్నాడు, పాట పాడుకుంటూ. ఈ మాట చీటీ మీద రాసి కింద అతికిస్తాను, ఒక్కడు నవ్వితే ఒట్టు. అక్కయ్యగారూ, ఫొటో నా ఖర్చు.”

“పాట ముందు తీసుంటారు, గుర్రం సీను తరవాత తీసుంటారు. అంతేగా డాక్టరుగారూ?”

“ఆఁ... అలాగే... సినిమా అంటే వెనకాముందూ తీస్తుంటారు గదా.”

“అనుమానం దేనికి? ఫిల్ము డబ్బాలో దొరికిన షూటింగు డైరీ ఇక్కడే ఉందిగా. చదివి పెడతాను. ఎక్కడుందబ్బా... ‘మే పన్నెండు. గుర్రం సీను. డూపు పడ్డాడు. దెబ్బలేమీ లేవు.’”

“దెబ్బలేమీ లేవా?”

“పైకి తెలిసి ఉండవు అక్కయ్యగారూ. లోపలి దెబ్బ.”

“తరవాతేం రాశారు?”

“‘సాయంత్రం అందరితోపాటు బస్సెక్కి...’ ”

“మేనేజరుగారూ, ఆ డైరీ ఇలా ఇవ్వండి.”

“ఉండండి డాక్టరుగారూ, పాట తారీకు చూడనివ్వండి. ఇదిగో, దివిటీల పాట. సెప్టెంబరు...”

“ఇవ్వమన్నానా.”

“సెప్టెంబరా? ఏ ఏడాది?”

“అదే... అదే ఏడు అక్కయ్యగారూ.”

“నేను జులైలో పుట్టాను.”

“ఇదిగో, డైరీ మూసేస్తున్నా అక్కయ్యగారూ.”

“అప్పటికి నాకు రెండు నెలలు.”

“అమ్మా, మీ అమ్మగారు పొరబడి ఉండొచ్చు. అరవై ఏళ్ళయింది. చీకట్లో, వెనక వరసలో...”

“మేనేజరుగారూ, ఇందాక కాలరు చొక్కా చీటీ చదివారే. మళ్ళీ చదవండి.”

“ఎందుకులెండి అక్కయ్యగారూ. ఎవడో పనిలేనివాడు రాశాడు.”

“చదవండి.”

“‘దివిటీల పాటలో వెనక వరస సైనికుడికి కవచం కింద కాలరు చొక్కా ఉంది... కొత్తది కూడానూ.’”

“ఆయనేనా డాక్టరుగారూ, మీరు తల తీసింది?”

“ఆయనే.”

“మీరు ఒక్కో ఫ్రేమూ కడిగారు గదా. కాలరుకి ఎన్ని వరసల కుట్టు?”

“నాకు కుట్ల గురించి అంతగా తెలియదమ్మా.”

“ఒకటా, రెండా?”

“...రెండు.”

“చొక్కా ఆయనే వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ స్నేహితుణ్ణి అరవై ఏళ్ళు ఊరికే తిట్టిపోశాం.”

“అక్కయ్యగారూ... నాకు మాట రావడంలేదు.”

“మీకేనా? పోనీలెండి. ఆ చీటీలు కింద పడుతున్నాయి, చూసుకోండి.”

“అమ్మా, ఆ మొహం తీసేస్తాను. రేపటిదాకా కూడా వద్దు, ఈ ఫస్ట్ షోకే మసి వేసేస్తాను. మీరిక చూడక్కర్లేదు.”

“వద్దు డాక్టరుగారూ. మా అమ్మ కింద హాల్లో కూచుని ఉంది. ఇవాళ గుర్రం సీనులో కళ్ళు మూసుకోను, ఆఖరిచూపు చూసుకుంటాను అని చెప్పి మరీ వచ్చింది. ఏది ముందు తీశారో, ఏది తరవాత తీశారో ఆవిడకేం తెలుసు.”

“అయితే...”

“ఆ మొహం తియ్యకండి బాబూ. ఆయన్ని ఆ గుర్రం మీంచే పడిపోనివ్వండి.”