ఆమె వదిలేసిన సలహా

నోవీసాద్ ఊళ్లో దానూబ్ నది గట్టున కాఫీ కొట్టు. అకార్డియన్ వాయించేవాళ్ల ఆన్‌లైన్ ఫోరమ్‌ను నడిపే ఇద్దరు, ఒక పెద్దాయనా ఆయన శిష్యురాలూ, ఒకే లాప్‌టాప్ మీదికి వంగి ఉన్నారు. చర్చను మూసేసే బటన్ మీద ఆమె వేలు అప్పటికే సిద్ధంగా ఉంది.

“మాస్టారూ, ఎవరో జ్దెంకా అట. చేరి రెండ్రోజులు కాలేదు, తొమ్మిదేళ్ల నాటి చర్చని తవ్విపోసింది. పాతవి లేపొద్దని రూలు రాసింది మీరే. మూసేస్తున్నా.”

“ఆగమ్మా. ‘ఇన్నేళ్లకి లేపుతున్నందుకు క్షమించండి’ అని మొదలెట్టింది, చూశావా?”

“క్షమాపణదేముంది, ఎవరైనా చెప్తారు.”

“అప్పట్లో ఆ చర్చ మొదలెట్టిన వుకోసావ్ గుర్తున్నాడా? చలికాలం పెళ్లిళ్లలో తన అకార్డియన్ ఒక్క స్వరం దగ్గర బుసకొడుతోందని అడిగాడు. మనం వెచ్చటి గదుల్లో కూర్చుని పద్నాలుగు సలహాలు పారేశాం. ఈవిడ అకార్డియన్ పెట్టెకీ అదే జబ్బొచ్చిందట. జనవరిలో బాల్కనీలోకి తీసుకెళ్లి ఒక్కొక్కటీ చేసి చూసింది. చలికి, స్వరం పలికించే రీడు చుట్టూ ఉన్న మైనం బీటలిస్తోందని కనిపెట్టింది. వేళ్లు కొంకర్లు పోయుంటాయి, పిచ్చిది!”

“సరే, గొప్పే. పద్నాలుగూ చేసిందా?”

“పదమూడు. ఒకటి వదిలేసింది.”

ఆమె కాఫీ కప్పు అందుకుంది గానీ తాగలేదు.

“‘పెట్టె బాగానే ఉంది, నీకే వాయించడం రాదు’ అన్న సలహా. దాని ఊసే ఎత్తలేదు.”

“ఆ మాట తర్వాతే అతను రావడం మానేశాడు.”

“అవును.”

“అది రాసింది నేనని మీకు తెలుసా?”

“తొమ్మిదేళ్లుగా తెలుసు. ఆవిడకీ తెలుసు, పక్కనే నీ పేరుందిగా. పాత చర్చని లేపితే ఇలా లేపాలమ్మా. నా రూలు మార్చి రాయాలి.”

ఆమె బటన్ మీంచి వేలు తీసింది. జ్దెంకా జవాబు కింద టైపు చేసింది: “వుకోసావ్ గారూ, లోపం మీ వేళ్లది కాదు. ఆ మాట అన్నది నేను.”