శివనాగరాజు నోరు మెదపని బేరం

మాట్లాడకుండా ఉండటం ఎంత గొప్ప విద్యో శివనాగరాజు గంటన్నర సేపు మాట్లాడి చెప్పిన రోజున, పర్చూరు రోడ్డు మీద చెంచమ్మ టీకొట్టులో పాలు రెండుసార్లు పొంగిపోయాయి. చెంచమ్మ చేతిలో పాలు పొంగడమంటే చిన్న సంగతి కాదు. ఇరవై రెండేళ్లుగా ఒంటి పొయ్యి మీద టీ కాస్తున్న మనిషి, గిన్నె వైపు చూడకుండా చప్పుడును బట్టే మంట తగ్గించగలదు. ఆవేళ ఆవిడ చెవి పాల మీద లేదు.

ఎందుకు లేదో ముందే చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

పాత ఫోన్లు పోస్టులో కొనే కంపెనీలు ఉన్నాయి. ఫోను ఎలా ఉందో నాలుగు ప్రశ్నలకు మనం జవాబులిస్తే వాళ్లొక ధర చెబుతారు. మనం దాన్ని పెట్టెలో పెట్టి పంపుతాం. అక్కడ ఎవరో దీపం కింద పెట్టి చూసి, ఇక్కడ గీత ఉంది, అక్కడ మూల నొక్కుకుపోయింది అని రెండో ధర చెబుతారు. రెండో ధర మొదటిదాన్ని మించిన సంగతి ఇంతవరకు ఎవరూ వినలేదు. చెంచమ్మకు కూతురు సాయిలక్ష్మి పొన్నూరు నుంచి కొత్త ఫోను కొనిచ్చింది. పాతదాన్ని అలాంటి ఒక కంపెనీకి పంపితే మొదట నాలుగువేల ఎనిమిది వందలు అన్నారు. ఆ డబ్బుతో రెండు పొయ్యిల స్టవ్వు కొనాలని చెంచమ్మ ఆశ. ఒంటి పొయ్యి మీద టీ అయ్యేదాకా బజ్జీ ఆగాలి, బజ్జీ అయ్యేదాకా టీ ఆగాలి, ఈ రెంటి కోసం ఆగే ఓపిక బస్సెక్కే మనిషికి ఉండదు. తీరా మూడు రోజుల కిందట, తెర మీద మచ్చ ఉందనీ పదమూడు వందలే ఇస్తామనీ మెసేజీ వచ్చింది. కింద రెండు మీటలు. పచ్చది నొక్కితే ఆ ధరకి ఒప్పుకున్నట్టు, ఎర్రది నొక్కితే ఫోను తిరిగి ఇంటికొస్తుంది. ఏదో ఒకటి ఈరోజు పన్నెండింటిలోగా నొక్కాలి. ఇంగ్లీషులో ఉన్న ఆ మెసేజీ సాయిలక్ష్మికీ వచ్చింది. ఆమె ఫోను చేసి అంతవరకే చదివి చెప్పి, నీ ఇష్టమమ్మా అంది.

పదిన్నరకి శివనాగరాజు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఐదెకరాల మిరప, రెండెకరాల పత్తి, వాటిని మించిన నోరు ఆయన ఆస్తి. తనూ ఆ కంపెనీకే ఫోను పంపానని ఆమధ్య అన్నాడు కదా అని గుర్తొచ్చి, చెంచమ్మ సంగతంతా చెప్పి ఆయన్నే అడిగింది. "మంచి సలహా చెప్పన్నాయ్. పెద్ద గ్లాసు టీ, నాలుగు బజ్జీలు నా లెక్క."

"ఏదీ నొక్కొద్దు," అన్నాడు శివనాగరాజు. "పచ్చదీ వద్దు, ఎర్రదీ వద్దు. కల్లంలో మనం ఏం చేస్తాం? అదే చెయ్యి."

మిరప కల్లం ఎరగనివాళ్లకు ఇక్కడ ఒక మాట. కాయ ఎండబెట్టుకున్న చోటికి వ్యాపారి వస్తాడు. గుప్పెడు తీసి గలగలలాడిస్తాడు, ఒకటి విరుస్తాడు, తాలు ఎక్కువగా ఉందంటాడు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఆ వంకతో ధర తగ్గించి చెబుతాడు. రైతు సరే అనడు, కాదూ అనడు. తువ్వాలు తీసి దులుపుకుని మబ్బుల వైపు చూస్తాడు. వ్యాపారి బండి దాకా పోయి, స్టార్టు చేసి, ఆపి, వెనక్కొచ్చి ఇంకో రెండు వందలు పెంచుతాడు. రైతు నోరు మెదపనంతసేపూ సరుకు రైతుదే. చెంచమ్మ తండ్రి అలాగే అమ్మేవాడు. అందుకే శివనాగరాజు మాట ఆవిడకి ఒట్టి గాలిమాటలా తోచలేదు, చెవి అక్కడే చిక్కుకుపోయింది.

"నా ఫోనుకి ఏడు వేలన్నారు చెంచమ్మా. పంపాక, గీత ఉంది తొమ్మిదొందలే అన్నారు. గీతంట! ఆ ఫోను చరిత్ర వాళ్లకేం తెలుసు? చీమకుర్తి రోడ్డులో జేబులోంచి జారి గ్రానైటు లారీ కింద పడింది. ముప్పై టన్నుల రాయి దాని మీదనుంచి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టైరు పేలింది. ఫోను మోగుతూనే ఉంది."

ఎదురుగా పంక్చరు షాపు మీరా హుస్సేన్‌ది. టీ తాగుతున్నవాడు గ్లాసు దించాడు. "ఏ టైరురా?"

"వెనకది."

"వెనక జతలుంటాయి. లోపలిదా, బయటిదా?"

"రెండూ," అన్నాడు శివనాగరాజు, తడుముకోకుండా.

మీరా హుస్సేన్ మళ్లీ గ్లాసెత్తాడు. లారీ డ్రైవర్ల మాటలు ముప్పై ఏళ్లుగా విన్నవాడు కాబట్టి ఇది ఆయనకి మరీ పెద్దదేం కాదు.

ఇక కథ పంపకం దగ్గరకి వచ్చింది. ఫోను నలగకుండా సొంత చేలోని పత్తిలో చుట్టాడట, పెట్టె దొరక్క అంతకుముందు కారం పోసిన అట్టపెట్టెలో పెట్టి పంపాడట. ఇంతవరకు నిజమే అయ్యుండొచ్చని చెంచమ్మ అనుకుంది, ఎందుకంటే ఆ ప్రాంతంలో ఏ ఇంట్లో అట్టపెట్టె అడిగినా కారం పోసిందే దొరుకుతుంది. కానీ ఆ పెట్టె అక్కడ తెరిచాక, పరీక్ష చేసే అబ్బాయి తుమ్మాడట, పక్క బల్ల అమ్మాయి తుమ్మిందట, ఏసీ ఆ ఘాటును పీల్చి పై అంతస్తుకి పంపిందట, అలా పద్నాలుగు అంతస్తులూ తుమ్మాయట, ఆ అదురుకి మేడ మీద పెట్టిన కంపెనీ పేరులో మూడక్షరాలు ఊడి కింద ఆగి ఉన్న కారు మీద పడ్డాయట. కారు మేనేజరుది.

"మరి పరిహారం నిన్నే అడగాలి కదరా," అన్నాడు మీరా హుస్సేన్.

"అడుగుదామనే ఫోన్ చేశాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోయేసరికి వాడికి వణుకు పుట్టి, తొమ్మిదొందలు కాదండీ తొమ్మిది వేలు తీసుకోండన్నాడు. నేను తువ్వాలు దులుపుకున్నాను. ఆ చప్పుడు ఫోనులో విని తొంభై వేలన్నాడు."

చెంచమ్మ గోడ గడియారం చూసింది. పదకొండూ పది. పాలు మొదటిసారి పొంగింది అప్పుడే.

తర్వాత మేనేజరే పర్చూరు వచ్చాడట, బూట్లతో సహా. శివనాగరాజు అప్పుడు కల్లంలో ఉన్నాడు. మాట్లాడడు కదా, కాయ వైపు చెయ్యి చూపించాడు. అదేదో షరతు అనుకుని మేనేజరు బూట్లు విప్పి, మూడు రోజులు ఎండలో కాయ తిరగేశాడు. కాయకి అలాంటి రంగు అంతకుముందెన్నడూ రాలేదని చెబుతూ శివనాగరాజు కళ్లు తుడుచుకున్నాడు. కాళ్లు మండిపోయి మేనేజరు వెళ్లిపోతే, వాడి పైవాడు, ఇంకా పెద్దవాడు, హెలికాప్టరులో వచ్చాడు. దిగడానికి చోటు లేక పత్తి చేను మీద ఆగి, మైకులో ధర అరుస్తున్నాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రెక్కల గాలికి రెండెకరాల పత్తీ లేచింది. పర్చూరు నుంచి ఇంకొల్లు దాకా కురిసింది. జనం మంచు పడుతోందనుకుని మే నెలలో దుప్పట్లు కప్పుకున్నారు."

"మే నెలలో చేలో పత్తెక్కడిదిరా?"

"అదే మరి. ఎవరి చేలోనూ లేదు. నా చేలో ఉంది."

మీరా హుస్సేన్ టీ చివరి గుక్క తాగేశాడు. ఇక అసలు మాట వచ్చింది. కంపెనీవాళ్లు చేసేదేం లేక, ఆ మేడా ఆ కారూ ఊడిన మూడక్షరాలతో సహా రాసిచ్చేస్తామన్నారట. శివనాగరాజు మబ్బుల వైపు చూశాడట. "నాలుగు నెలలైంది చెంచమ్మా. బేరం ఇంకా నడుస్తోంది. ఒక్క మాట జారానా? నువ్వూ జారకు."

పదకొండూ నలభై ఎనిమిది. చెంచమ్మ ఎడమ చేతిలో కొత్త ఫోను, కుడి చేతికి శనగపిండి. హెలికాప్టరు అబద్ధమని ఆవిడకి తెలుసు. పద్నాలుగు అంతస్తుల తుమ్ములూ అబద్ధమే. కానీ తండ్రి తువ్వాలు దులపడం మాత్రం ఆవిడ కళ్లారా చూసిందే. చెత్తంతా ఏరేస్తే అడుగున ఒక్క మంచి కాయ మిగిలినట్టు, అన్ని కోతల కిందా ఆ ఒక్క మాట నిజమైతే? ఎర్ర మీట మీదకి వెళ్లిన వేలు వెనక్కొచ్చింది. పాలు రెండోసారి పొంగాయి.

మంట తగ్గించి అడిగింది. "నువ్వు మాట్లాడకపోతే వాళ్లు ఊరుకున్నారా అన్నాయ్? ఏమన్నా రాశారా?"

"రాయకేం? కాళ్ల మీద పడ్డారు." శివనాగరాజు జేబులోంచి చిన్న మీటల ఫోను తీశాడు. మంచిది బేరంలో ఉండిపోయింది కాబట్టి ఇప్పుడు ఆయనకి ఇదే గతి. అందులో ఇంగ్లీషు మెసేజీ ఒకటి పొడుగ్గా ఉంది. ఆయనకి ఇంగ్లీషు రాదు. పొడుగును బట్టి ఎంత భయపడ్డారో అంచనా కట్టుకుని, నాలుగు నెలలుగా దాన్ని దాచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్క కొట్టులో జాకెట్లు కుట్టే నసీమున్నీసా మెడలో టేపుతో టీకి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదవడం ఆవిడ వృత్తి. నడుము ముప్పై ఆరైతే ముప్పై ఆరే అంటుంది, ఎవరి మొహం చూసీ తగ్గించదు. చెంచమ్మ ఆ ఫోను ఆవిడ చేతికిచ్చింది. నసీమున్నీసా మొదట మనసులో చదువుకుని, తర్వాత తెలుగులో చెప్పింది.

"గడువులోగా మీ నుంచి జవాబు రాలేదు కాబట్టి, తగ్గించిన ధరకి మీరు ఒప్పుకున్నట్టే లెక్క. తొమ్మిది వందల రూపాయలు మీ ఖాతాలో వేశాం. ధన్యవాదాలు."

శివనాగరాజు నోరు ఈసారి విద్య కోసం కాక నిజంగానే మెదలలేదు. కాసేపటికి, "ఆ తొమ్మిదొందలు పంట బీమావి కాదా?" అన్నాడు.

"కాదన్నా. ఫోనువి," అంది నసీమున్నీసా.

"నేను వాటితో యూరియా కొన్నాను," అన్నాడు మెల్లగా.

చెంచమ్మ అదేం వినలేదు. తన ఫోను నసీమున్నీసా ముందు పెట్టింది. మెసేజీ చిట్టచివర, చీమ కాళ్లంత అక్షరాల్లో, అచ్చం అదే మాట ఉంది. నోరు మెదపకపోతే సరుకు రైతుదే అన్నది మన కల్లంలో చెల్లుతుంది. వాళ్ల కల్లంలో నోరు మెదపకపోతే సరుకు వాళ్లది.

పదకొండూ యాభై ఏడు. చెంచమ్మ ఎర్ర మీట నొక్కింది. మీట కదల్లేదు. మళ్లీ నొక్కింది. వేలికి శనగపిండి, తెర నిండా శనగపిండి, దాని కింద మీట వినిపించుకోవడం లేదు. కొంగుతో తుడిస్తే పిండి ఇంకా పరుచుకుంది. నసీమున్నీసా భుజం మీది జాకెట్టు గుడ్డతో తెర తుడిచింది, మీరా హుస్సేన్ తన మంచినీళ్ల గ్లాసులో చెంచమ్మ వేలు ముంచి చొక్కాతో ఒత్తాడు, శివనాగరాజు లేచి నిలబడి గడియారం ముల్లుకి చెయ్యి అడ్డం పెట్టాడు, అదేదో ఆగుతుందన్నట్టు. మూడోసారి నొక్కితే మీట పట్టింది. మీ ఫోను తిరిగి పంపుతున్నాం అని వచ్చింది. పన్నెండుకి ఇంకా ఒక్క నిమిషం ఉంది.

చెంచమ్మ స్టూలు మీద కూలబడింది. ఫోను ఇంటికొచ్చాక ముందు తనకి చూపించమనీ, ధర కుదిరితే తనే తీసుకుంటాననీ నసీమున్నీసా అంటుంటే, చెంచమ్మకి రెండో పొయ్యి మళ్లీ కళ్ల ముందు వెలిగింది.

అందరికన్నా ముందు తేరుకున్నది శివనాగరాజే. తన కథ వినకపోతే ఆ మెసేజీ బయటికొచ్చేది కాదనీ, కాబట్టి ఫోను దక్కించింది తన సలహాయేననీ తేల్చాడు. అందులో న్యాయం లేకపోలేదు కూడా. "ఏదమ్మా, పెద్ద గ్లాసు టీ, నాలుగు బజ్జీలు?"

చెంచమ్మ చిన్న గ్లాసులో సగానికి టీ పోసి, పళ్లెంలో ఒక్కటంటే ఒక్క బజ్జీ పెట్టి, ఆయన ముందు ఉంచింది.

"సలహా పరీక్ష చేశానన్నాయ్. గీత ఉంది. అందుకని ధర తగ్గింది."

శివనాగరాజుకి కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆయన చేతులకి తెలుసు. తువ్వాలు తీసి దులిపాడు. మబ్బుల వైపు చూశాడు.

"సరే అయితే," అంది చెంచమ్మ బజ్జీల బుట్ట మీద మూత పెడుతూ. "జవాబు రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క."

"ఒప్పుకోను," అన్నాడు శివనాగరాజు, తువ్వాలు అక్కడే వదిలేసి మూతకి చెయ్యి అడ్డం పెట్టి. "ఒప్పుకోనంటే ఒప్పుకోను. నసీమమ్మా, నువ్వు సాక్ష్యం, నేను మాట్లాడాను."